గ్యాస్ బండన్న కొండెక్కిన సంగతి

బండన్న మెట్లెక్కుతున్నప్పుడు పలకరించకూడదు. ఈ సంగతి మా వీధిలో నడక నేర్చిన పిల్లలకు కూడా తెలుసు. ఎడమ భుజం మీద మడతపెట్టిన గోనెపట్టా, దాని మీద ముప్పై కిలోల గ్యాస్ బండ. కుడిచెయ్యి తలమీదుగా పోనిచ్చి బండ అంచు పట్టుకుని, అడుగు మెట్టు దగ్గర నిలబడి గుండెల నిండా ఒక ఊపిరి పీల్చేవాడు. ఆ ఊపిరితో ఒక అంతస్తు. మలుపులో ఇంకో ఊపిరి, ఇంకో అంతస్తు. మా భవనానికి లిఫ్టు లేదు. నాలుగు అంతస్తులు, అరవై ఎనిమిది మెట్లు. మధ్యలో బండ దించితే మళ్ళీ ఒంటరిగా భుజానికెత్తుకోవడం మాటలు కాదు, నడుము పట్టేస్తుంది. అందుకని ఆగడం గాని, మాట్లాడడం గాని ఉండేవి కావు. పైన బండ దించి, మూత తీసి, మూతి దగ్గర రెండు చుక్కల నీళ్ళు పోసి బుడగలు వస్తున్నాయేమో చూసి, కిందికి దిగివచ్చాక అప్పుడు "ఇందాక ఏదో అడిగారు పెద్దమ్మా" అనేవాడు. ఆ లోపల నేను అడిగిందేమిటో నేనే మరిచిపోయేదాన్ని.

ఇరవై రెండేళ్ళు అదే పని చేశాడు. పొద్దున్న ఆరింటికి ఇంట్లో ఒక కప్పు టీ తాగి బయలుదేరితే మధ్యాహ్నం రెండింటిదాకా గొంతులో నీటిచుక్క పడేది కాదు. ఒకసారి మండుటెండలో మంచినీళ్ళు తెచ్చిస్తే చేత్తోనే వద్దన్నాడు. ఎందుకు వద్దో చెప్పేదాకా నేను గుమ్మంలోంచి కదలలేదు. చివరికి తల దించుకుని, "తాగితే వెళ్ళాల్సొస్తుంది పెద్దమ్మా. ఎవరింట్లో అడుగుతాం?" అన్నాడు. రోజుకు నలభై వంటిళ్ళలోకి తిన్నగా నడిచి వెళ్ళే మనిషికి, ఒక్క ఇంట్లోనైనా మరుగుదొడ్డి ఎక్కడని అడిగే చనువు లేదన్నమాట. ఆ రోజు మా ఇంట్లో ఎక్కడుందో చూపించాను. చూశాడు గాని ఎప్పుడూ వాడుకోలేదు.

ఒంట్లో ఎలా ఉందయ్యా అంటే ఆయన జవాబు ఒకటే. "నాకేంటి."

రెండేళ్ళ కిందట మా వీధి తవ్వారు. ఇంటింటికీ గొట్టాల్లో గ్యాస్ వస్తుందని చెప్పారు. మేమంతా సంబరపడ్డాం. బండ అయిపోతే స్నానానికి నీళ్ళు ఎలాగా, పాలు ఎలాగా అన్న గొడవ ఉండదు గదా. ఆ తవ్విన మట్టి మీదుగా బండ మోసుకుంటూ దాటుతున్న మనిషి మొహం వైపు ఎవరమూ చూడలేదు. గ్యాస్ డిపోలో బండలు మోసేవాళ్ళు తొమ్మిదిమంది ఉండేవారు. గొట్టాలు పూర్తయితే ముగ్గురు చాలన్నారు, అదీ వయసులో ఉన్న ముగ్గురు. బండన్నకు నలభై ఆరు.

అతని భార్యను మేం మిషనమ్మ అంటాం. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని జిప్పులు మారుస్తుంది, పొడుగు ప్యాంట్లు పొట్టి చేస్తుంది, చిరిగినవన్నీ అతుకుతుంది. వీధి చివర టెంట్లు అద్దెకిచ్చే ఆయన ఒకడున్నాడు. కొండలెక్కాలని సరదాపడే వాళ్ళను, అంతకుముందు ఎన్నడూ ఎక్కని వాళ్ళను, పన్నెండేసి మందిని పోగుచేసి కొండల మధ్య ఎత్తైన కనుమ దాటించి తీసుకువస్తాడు. సీజను అయిపోగానే చిరిగిన టెంట్లు, జిప్పులు ఊడిన స్లీపింగ్ బ్యాగులు అన్నీ మిషనమ్మ గదిలోకి వచ్చి పడతాయి. ఆ రోజుల్లో ఆ ఇంట్లో కూర్చోవాలంటే టెంటు మీదే కూర్చోవాలి.

అలా ఒకనాడు కుట్టిన టెంట్లు తీసుకువెళ్ళడానికి టెంట్లాయన వ్యాను తెచ్చాడు. ఇద్దరు పట్టుకోవలసిన మూటలు బండన్న ఒక్కడే భుజానికొకటి వేసుకుని వ్యానులో పెట్టేశాడు. టెంట్లాయన చూస్తూ నిలబడ్డాడు.

"ఇలాంటి భుజాలు నాకు కావాలమ్మా. డిపో వాళ్ళు వద్దంటే నా దగ్గరికి పంపు" అన్నాడు మిషనమ్మతో.

"మా ఆయన ఇంతవరకూ ఎక్కిన ఎత్తు నాలుగో అంతస్తండి" అంది మిషనమ్మ నోట్లోని దారం తీయకుండా.

"రోజుకు ఎన్నిసార్లు?"

"ఇరవై సార్లు."

"మరింకేం. కొండ అంటే అదే గదా."

అది కాదని తర్వాత అందరికీ తెలిసింది, టెంట్లాయనతో సహా. కాని ఆ రోజు ఆ మాట ఆ గదిలో చాలా బాగా వినిపించింది. ఒప్పందం ఇది. బండన్న ఒక్కసారి గుంపుతోపాటు వెళ్ళి, పద్నాలుగున్నర వేల అడుగుల ఎత్తున్న కనుమ దాటి దిగి రావాలి. గుంపుకు దారి చూపించే పెద్దామె ఉంది, ఆమెను అందరూ గైడక్క అంటారు, పాతికేళ్ళుగా ఆ కొండ మీదే నడుస్తోంది. ఆమె సరే అంటే వచ్చే నెలనుంచి ఉద్యోగం. టెంట్లు వేయడం, పొయ్యిలు చూసుకోవడం, గుంపు వెంట నడవడం. ఆమె వద్దంటే వద్దే, టెంట్లాయన కూడా ఏం చేయలేడు.

"నాకేంటి" అన్నాడు బండన్న.

అదే గుంపులో మా మూడో అంతస్తు లైబ్రరీ అమ్మాయి కూడా పేరు రాయించుకుంది. ముప్పై నాలుగేళ్ళుంటాయి. కళ్ళద్దాలు, సన్నటి గొంతు. సొంత ఇంటికి వెళ్ళడానికే రెండుచోట్ల ఆగే మనిషి. రెండు నెలలు ముందునుంచీ సంచిలో లావుపాటి పుస్తకాలు వేసుకుని పొద్దున్నే మెట్లెక్కి దిగడం మొదలుపెట్టింది. ఎదురైనప్పుడల్లా బండన్న నవ్వేవాడు.

"చెల్లెమ్మా, అక్కడ నువ్వు ఎక్కి వచ్చేసరికి నేను దిగిపోతుంటాను. పైన ఏముందో నీకు చెప్తాలే, శ్రమ తగ్గుతుంది."

"చెప్పన్నా, రాసుకుంటాను" అనేది ఆ అమ్మాయి రొప్పుతూ.

కొండమీద జరిగింది సగం ఈ అమ్మాయి చెప్పింది, సగం బండన్న చెప్పాడు. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టుకుని అడిగాను, ఒకరు మింగేసింది రెండోవారి దగ్గర దొరికింది.

బస్సు దారి అయిపోయిన చోట గైడక్క అందరినీ కూర్చోబెట్టి మాట్లాడిందట. పొట్టి మనిషి, ఎండకు నల్లబడిన బుగ్గలు, గట్టిగా అరిచే అలవాటు లేదు. "పైన గాలి పల్చగా ఉంటుంది. ఒంటికి అది అలవాటు కావడానికి రోజులు పడుతుంది. ఎవరికి పడుతుందో ఎవరికి పడదో కండలు చూసి చెప్పలేం, పోయినేడు బాగున్నవాడికి ఈ ఏడు పడకపోవచ్చు. పక్కవాళ్ళకి కథ చెప్పగలిగినంత నిదానంగా నడవండి. కథ మధ్యలో ఆగిపోయిందంటే తొందరపడుతున్నారని అర్థం. రోజుకు నాలుగు లీటర్ల నీళ్ళు తాగండి. తల నొప్పిగా ఉంటే నాకు చెప్పండి. తలనొప్పి రావడం తప్పేం కాదు" అంది.

నాలుగు లీటర్లు అన్నప్పుడు బండన్న హడలిపోయాడట. తల పగిలిపోతుందని చెప్పినా అంత భయపడి ఉండడు.

మొదటి రోజు అతను ఎలా ఎక్కాడో చెప్పనక్కరలేదు. ఏటవాలు మొదలయ్యే చోట నిలబడి ఒక ఊపిరి, మలుపు దాకా ఆగకుండా నడక, అక్కడ ఇంకో ఊపిరి. గుంపులో ఇంకో ఇద్దరి సంచులు కూడా తీసుకుని మోశాడు. మిగతావాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ, రాళ్ళ మీద కూర్చుంటూ, ముక్కులు చీదుకుంటూ వచ్చేసరికి అతను గంట ముందే మొదటి విడిదికి చేరి బండరాయి మీద కూర్చుని ఉన్నాడు.

"మీతో ఎవరూ రాలేదా?" అంది గైడక్క.

"నాకెవరూ అందలేదండి."

"మరి కథ ఎవరికి చెప్పారు?"

బండన్న నవ్వేశాడు. ఆమె నవ్వలేదు.

ఆ సాయంత్రం అందరి వేలికీ ఒక చిన్న క్లిప్పు పెట్టి చూసింది. రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో అంకె చూపిస్తుందట అది. లైబ్రరీ అమ్మాయికి తొంభై ఒకటి. బండన్నకు ఎనభై ఐదు. గుంపులో అందరికంటే తక్కువ.

"మిషను చెడిపోయినట్టుందండి" అన్నాడు.

"బాగానే ఉంది. నీళ్ళు ఎన్ని తాగారు?"

"తాగానండి."

తాగలేదు. పొద్దున్న నింపిన రెండు సీసాలూ సాయంత్రం ఒక పొద మొదట్లో ఒంపుతుంటే లైబ్రరీ అమ్మాయి చూసింది. "అన్నా, అవి చెట్టుకి కాదు, నీకు" అంది. "అలవాటు లేదమ్మా, కడుపులో నిలవడం లేదు" అన్నాడు. నిజం అది కాదు. చుట్టూ ఇంత బయలు ఉంది, ఎక్కడైనా వెళ్ళొచ్చు. కాని ఇరవై రెండేళ్ళు నోరు కట్టేసుకున్న మనిషికి, ఇప్పుడు తాగవచ్చు అని ఒంటికి చెప్పినా ఒళ్ళు నమ్మలేదు.

ఆ సాయంత్రమే ఆ అమ్మాయి తనకు కొంచెం తలనొప్పిగా ఉందని గైడక్కకు చెప్పింది. బండన్న అయ్యో అనుకున్నాడు, రేపు పొద్దున్నే దీన్ని కిందికి పంపేస్తారు గదా అని. పంపలేదు. నీళ్ళు తాగించి, ఆమె సంచి తేలిక చేసి, మర్నాడంతా అక్కడే ఉంచి, పక్క గుట్ట మీదికి కొంచెం నడిపించి మళ్ళీ కిందికి తెచ్చి పడుకోబెట్టారు. నిజానికి గుంపంతా ఆ రోజు అక్కడే ఆగాలి, ఒంటికి అలవాటు కావడం కోసం. తలనొప్పి తగ్గింది. చెప్పినందుకు ఎవరినీ వెనక్కి పంపలేదన్న సంగతి బండన్న కళ్ళెదుటే జరిగింది. చూశాడు, కాని బుర్రలోకి ఎక్కించుకోలేదు. ఎందుకంటే అప్పటికే అతని తల నొప్పి పెడుతోంది.

మెడ వెనకనుంచి మొదలై నెత్తిమీదికి పాకిందట. "బండ దించేసినా ఇంకా నెత్తిమీదే ఉన్నట్టు పెద్దమ్మా" అన్నాడు నాతో. అన్నం గొంతు దిగలేదు. పళ్ళెం పట్టుకుని రాళ్ళ వెనక్కి వెళ్ళాడు, తిన్న రెండు ముద్దలూ బయటికి వచ్చేశాయి. దాని మీద రాళ్ళు పేర్చి, మూతి తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు. సాయంత్రం క్లిప్పు పెట్టే వేళకు ఒక ఉపాయం తోచింది. బండ ఎత్తుకునే ముందు పీల్చినట్టు పదిసార్లు గుండెల నిండా పీల్చి వెళ్ళి వేలు పెట్టాడు. ఎనభై తొమ్మిది.

"ఎలా ఉంది?" అంది గైడక్క.

"నాకేంటండి, దివ్యంగా ఉన్నాను."

ఎందుకు దాచావయ్యా అని నేను అడిగాను. అడగకపోయినా తెలుసు, అయినా అడిగాను. "చెప్తే దించేస్తారు. దించేస్తే ఉద్యోగం పోతుంది. ఇంటికెళ్ళి మా ఆవిడకి ఏం చెప్పాలి? ఈ వీధిలో నాకు ఒంట్లో బాగోలేదని విన్నవాళ్ళు ఎవరున్నారు పెద్దమ్మా, ఉంటే మీరు చెప్పండి" అన్నాడు. ఆలోచించాను. ఎవరూ లేరు.

మూడో రోజు పన్నెండున్నర వేల అడుగుల దగ్గరున్న రెండో విడిదికి నడక. ఆ రోజు బండన్న అందరితో కలిసి నిదానంగా నడిచాడు. గుంపంతా మెచ్చుకుంది, ఇన్నాళ్ళకు మన మాట విన్నాడు అని. విన్నది మాట కాదు, కాళ్ళు రాలేదు. లైబ్రరీ అమ్మాయి పక్కన నడుస్తూ, గైడక్క చెప్పినట్టే, తను చదివిన కథ ఒకటి చెబుతోంది. బండన్న ఊఁ కొడుతున్నాడు గాని ఆ ఊఁలు కథకు కుదరడం లేదట. మనిషి చచ్చిపోయాడన్నా ఊఁ, పెళ్ళయిందన్నా అదే ఊఁ. ఆ అమ్మాయికి అనుమానం వచ్చింది. నవ్వులాటకే అన్నట్టు అడిగింది.

"అన్నా, మన భవనానికి మెట్లెన్ని?"

బండన్న ఆగాడు. ఆమె మొహంలోకి చూశాడు. పెదవులు కదిలాయి.

"యాభై... కాదు. ఎన్నో అంతస్తు దాకా?"

కళ్ళు మూసుకుని చెప్పవలసిన మనిషి. విడిదికి చేరగానే ఆ అమ్మాయి తిన్నగా గైడక్క దగ్గరికి వెళ్ళి చెప్పేసింది. రాళ్ళు పేర్చిన సంగతి ఆమెకు తెలియదు గాని, నీళ్ళు ఒంపిన సంగతి, తిండి తినని సంగతి, మెట్ల సంగతి చెప్పింది.

బండన్నకు ఒళ్ళు మండింది. "నా మీద చాడీలు చెప్తావా? నీ ఇంటికి ఎన్నేళ్ళనుంచి బండ మోస్తున్నాను నేను" అన్నాడు.

"అందుకే చెప్పానన్నా" అంది ఆ అమ్మాయి. అనేసి ఏడ్చింది కూడా, అది ఆమె నాకు చెప్పలేదు, బండన్న చెప్పాడు.

గైడక్క లేచింది. టెంటు తాడు ఒకటి తెచ్చి నేలమీద తిన్నగా పరిచింది. "దీనిమీద నడవండి. ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్ళు తగిలేలా."

బండన్న నడిచాడు. నాలుగో అడుగుకు పక్కకు పడిపోబోయి నిలదొక్కుకున్నాడు.

"నేల ఎగుడుదిగుడుగా ఉందండి."

ఆమె తాడు తీసి, పొయ్యి పెట్టే చదును నేలమీద పరిచింది. అక్కడ మూడో అడుగుకే పక్కకు పోయాడు. భుజాన ముప్పై కిలోలతో, నీళ్ళు చిమ్మిన మెట్లమీద కూడా ఒక్కనాడు కాలు జారని మనిషి.

"కిందికి దిగాలి. ఇప్పుడే, వెలుతురు ఉండగానే" అంది.

"కొంచెం కళ్ళు తిరిగాయంతేనండి. కొంచెమే. పొద్దుటికి సర్దుకుంటుంది."

ఆ మాట తన నోటినుంచి వచ్చాక తన చెవికే వినిపించిందట. కొంచెమే. పొద్దుటికి చూద్దాం. ఈ మాట అతను ఎన్ని వంటిళ్ళలో విన్నాడో. గ్యాస్ వాసన వస్తోందని కబురుపెడతారు, వెళ్ళి రెగ్యులేటరు కట్టేయబోతే, కొంచెమే గదా, ఈ కూర దించాక తీద్దువుగానిలే అంటారు. నేనే అన్నాను ఒకసారి, పొయ్యిమీద కూర ఉంది మరి. ఆ రోజు బండన్న నామీద కేకలేసినంత పని చేశాడు. "కొంచెం, ఎక్కువ అని ఉండదు పెద్దమ్మా. వాసన వచ్చిందంటే కట్టేసి బయటికి తీసుకెళ్ళడమే" అని, నేను చూస్తుండగానే బండను వరండాలోకి దొర్లించేశాడు. ఆ పూట మేం అన్నంలో మజ్జిగ పోసుకు తిన్నాం.

అతను ఆ చదును నేలమీద కూర్చుండిపోయాడు. కూర్చుని అన్నీ చెప్పాడు. తలనొప్పి ఎప్పటినుంచో, ఎన్నిసార్లు వాంతి అయిందో, ఏ రాళ్ళ కిందో, క్లిప్పు ముందు ఊపిరి ఎలా పీల్చాడో. చెబుతున్నంతసేపూ గైడక్క అతని బూట్ల లేసులు బిగించి కట్టింది. అతని వేళ్ళకు ముడి పడడం లేదు.

గుంపును రెండో గైడుకు అప్పజెప్పి ఆమే స్వయంగా దింపింది. అతని ముక్కుకు గొట్టం పెట్టి, చిన్న ఆక్సిజన్ బండ ఒకటి తన వీపున కట్టుకుంది. బండన్న చెయ్యి చాచాడు. "అది నాకివ్వండి. బండలు మోయడం నా పని."

"ఈ రోజు కాదు" అంది.

జీవితంలో మొదటిసారి అతనికోసం ఇంకొకరు బండ మోశారు. రెండు వేల అడుగులు అలా దిగారు, ఆమె ముందు, ఆమె భుజం మీద చెయ్యి వేసుకుని అతను వెనక. దిగుతుంటే కాలివేళ్ళు బూట్ల ముందుకు గుచ్చుకుని రెండు గోళ్ళు నల్లబడ్డాయి. మొదటి విడిది దాటి ఇంకా దిగాక, చెట్లు కనిపించిన చోట, అతనికి ఆకలివేసింది. రెండు రోజుల తర్వాత. ఆకలిగా ఉందండి అన్నాడు. గైడక్క అక్కడ మొదటిసారి నవ్విందట.

మర్నాడు బస్సు ఆగే చోట టీకొట్టు బల్లమీద కూర్చుని అతనే అడిగాడు, ఉద్యోగం సంగతేమిటని. ఆమె టీ గ్లాసు కింద పెట్టింది.

"కళ్ళు తిరిగినందుకు కాదు. నాకూ తిరిగాయి ఒకసారి, ఇదే కొండమీద, పదిహేనేళ్ళు ఎక్కిన తర్వాత. మీరు నా మిషను ముందు ఊపిరి పీల్చి వచ్చారు. రేపు పన్నెండుమందిని మీకు అప్పజెప్తే, ఎలా ఉందని మిమ్మల్ని అడిగితే, మీరు చెప్పింది నేను నమ్మాలి గదా. నేను సరే అనలేను."

"అవునండి" అన్నాడు బండన్న.

లైబ్రరీ అమ్మాయి ఆ తర్వాతి రోజు కనుమ దాటింది. అది వేరే కథ, అడిగితే ఫోటోలతో సహా చెబుతుంది.

బండన్న ఇంటికి వచ్చిన పూట నేను మిషనమ్మ దగ్గర దిండు గలీబు కుట్టించుకుంటున్నాను. అతని మొహం చూడగానే నేను లేచి వెళ్ళిపోవలసింది. వెళ్ళలేదు. బస్సులో దారి పొడుగునా భార్యకు ఏం చెప్పాలో వల్లెవేసుకుంటూ వచ్చాడట. వాతావరణం బాగోలేదని, గుంపు వెనక్కి తిరిగిందని, ఇలా మూడు నాలుగు కూర్చుకున్నాడు. తీరా గుమ్మంలో నిలబడ్డాక ఒక్కటీ నోటికి రాలేదు.

"ఉద్యోగం రాలేదు" అన్నాడు.

మిషనమ్మ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. "ఎక్కలేకపోయావా?"

"ఒంట్లో బాగోలేదు. చెప్పకుండా దాచాను. పట్టుకుని దింపేశారు. దాచేవాణ్ణి పెట్టుకోలేం అన్నారు."

ఆమె అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. కాళ్ళ దగ్గర చూపు ఆగింది. "ఇంకేం దాచావు?"

నేను గలీబు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాను.

"ఎడమ మోకాలు" అన్నాడు. "నొప్పి. ఆరేళ్ళయింది."

"తెలుసు" అంది మిషనమ్మ. "మెట్లు దిగేటప్పుడు ఎప్పుడూ ఆ కాలే ముందు వేస్తావు. నువ్వే చెప్తావని చూశాను. ఆరేళ్ళు చూశాను."

"మరి అడగొచ్చు గదా."

"అడిగితే ఏమంటావు?"

ఆ జవాబు ఏమిటో ముగ్గురికీ తెలుసు. ముందు మిషనమ్మ నవ్వింది, తర్వాత అతను. నవ్వుతూనే ఆమె కళ్ళు తుడుచుకుని, "కూర్చో, బూట్లు విప్పు, ఆ గోళ్ళు చూడనీ" అంది. అప్పుడు నేను లేచి వచ్చేశాను. ఎంత నాలాంటిదానికైనా ఆ మాత్రం మర్యాద తెలుసు.

మోకాలు డాక్టరుకు చూపించారు. అరిగింది, బరువులు ఆపమన్నాడు, కొన్ని వ్యాయామాలు చెప్పాడు. నెల తిరక్కుండానే గొట్టాల్లో గ్యాస్ వచ్చింది, డిపో వాళ్ళు చెప్పినంత పనీ చేశారు. ఆ చలికాలం అంతా బండన్న ఇంట్లోనే ఉండి భార్యకు సాయంగా టెంట్లు ఉతికాడు, వంగిన కడ్డీలు తిన్నగా చేశాడు. గోడకు చెయ్యి ఆనించి ఒంటికాలి మీద నిలబడే వ్యాయామం చేస్తుంటే కిటికీలోంచి కనిపించేవాడు. వీధిలో వెళ్ళే వాళ్ళు ఏంటన్నా ఇది అంటే, మోకాలికి అని చెప్పేవాడు. ఆ రెండు మాటలు చెప్పడానికి మొదట్లో చెమటలు పట్టేవట.

సీజను మొదలయ్యే ముందు ఒక మధ్యాహ్నం గైడక్క ఫోను చేసింది. లైబ్రరీ అమ్మాయి ఆమెతో ఏం చెప్పిందో నాకు తెలియదు, ఏదో చెప్పే ఉంటుంది. ఈసారి బరువులు మోయడానికి కాదు, గుంపులో చివరి మనిషి వెనక నడవడానికి ఒకరు కావాలంది.

"వస్తాను గానీ ముందు నా సంగతి వినండి" అన్నాడు బండన్న. మోకాలు, డాక్టరు ఏమన్నాడో, ఏమి వద్దన్నాడో చెప్పాడు. ఒక పన్ను నొప్పి పెడుతోందని చెప్పాడు. నీళ్ళు ఇప్పుడు తాగుతున్నానని, కాని నాలుగు లీటర్లు ఇంకా కావడం లేదని, రెండున్నర అవుతోందని చెప్పాడు.

"ఇంకా ఏమైనా ఉన్నాయా?" అంది గైడక్క.

"భయంగా కూడా ఉందండి."

"పన్ను చూపించుకుని రండి" అంది ఆమె. బస్సు ఏ రోజో చెప్పింది.

ఆ సీజనులో మూడు గుంపులతో వెళ్ళాడు. మొదటిసారి రెండో విడిది దగ్గర ఒక పెద్దమనిషి సూపు పారబోస్తుంటే చూసి, పక్కన కూర్చుని మాటల్లో పెట్టి, తలనొప్పి సంగతి బయటికి లాగి, అతనితోపాటు కిందికి దిగిపోయాడు. రెండోసారి దిగవలసి వచ్చింది తన తలనొప్పికే. మొదలైన గంటలోనే తనే వెళ్ళి చెప్పాడు. కనుమ దాటింది మూడోసారి.

పైన ఏముందయ్యా అని అడిగాను.

"రాళ్ళున్నాయి పెద్దమ్మా. గాలి చెవులు కోసేస్తోంది. వాళ్ళంతా ఫోటోలు దిగుతుంటే నేను తలలు లెక్కపెట్టుకున్నాను. పన్నెండు ఉన్నాయి. దిగేశాం" అన్నాడు.